స్టీరింగ్ ఆయిల్ ఎక్కడ కారుతోంది? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో పాతబడిన కార్ల స్టీరింగ్ గురించినవే ఎక్కువ. వాటిలో నాలుగింటిని ఎంచుకున్నాం. మొదటి జవాబు కొంచెం పెద్దదైంది కాని, తక్కినవారు కూడా ముందు దాన్ని చదివితే తమ సందేహంలో సగం అక్కడే తీరుతుంది.

ప్రశ్న: నా దగ్గర 2007 మోడల్ హ్యుందాయ్ యాక్సెంట్ పెట్రోల్ కారు ఉంది. కొంతకాలంగా స్టీరింగ్ ఆయిల్ డబ్బాలో మట్టం తగ్గుతోంది. మొదట్లో రెండు నెలలకోసారి కాస్త పోస్తే సరిపోయేది, ఇప్పుడు రెండు వారాలు తిరక్కుండానే కింది గీతకు దిగిపోతోంది. పొద్దున్నే బండి తీసి ఇంటి ముందు సందులో పూర్తిగా తిప్పితే కుయ్యిమని శబ్దం వస్తోంది. ఒక షెడ్డులో మేస్త్రీ చూసి ర్యాక్ (స్టీరింగ్ తిప్పుడును ముందు చక్రాలకు అందించే భాగం) మొత్తం మార్చాలన్నారు. ఇంకో షెడ్డులో, సీసాల్లో అమ్మే లీకు మందు పోస్తే అదే ఆగిపోతుందన్నారు. ఇంత పాత బండికి ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు? ఆయిల్ పోసుకుంటూ నడిపితే ప్రమాదమా? (ఒక పాఠకుడు, తెనాలి)

జవాబు: మీకు సలహా ఇచ్చిన ఇద్దరిలో ఎవరైనా బండిని పైకెత్తి, కిందికి దూరి, ఆయిల్ ఏ చోటు నుంచి వస్తోందో చూశారా అన్న సంగతి మీ ఉత్తరంలో లేదు. చూసి ఉంటే మీరు తప్పకుండా రాసేవారు. ర్యాక్ మార్చాలన్నా, మందు పోయాలన్నా, ఒక క్లిప్పు బిగించి ఊరుకోవాలన్నా ముందుగా తేలవలసింది ఆ చోటే. అది తేలకుండా పెట్టే ఖర్చు పెద్దదైనా చిన్నదైనా దండగే.

మీ కారులో ఉన్నది ఆయిల్ ఒత్తిడితో పనిచేసే స్టీరింగ్. ఇంజిన్ బెల్టుతో తిరిగే పంపు డబ్బాలోని ఆయిల్‌ను లాగి, ప్రెషర్ పైపు ద్వారా స్టీరింగ్ ర్యాక్ మీదున్న వాల్వుకు పంపుతుంది. మీరు స్టీరింగును ఏ వైపు తిప్పుతున్నారో దాన్నిబట్టి ఆ వాల్వు ఆయిల్‌ను ర్యాక్ లోపలి పిస్టనుకు ఒక పక్కకో రెండో పక్కకో మళ్లిస్తుంది. పని అయిపోయిన ఆయిల్ రిటర్న్ పైపులోంచి మళ్లీ డబ్బాకు చేరుతుంది. బండి తిన్నగా వెళ్తున్నంతసేపూ ఈ ఒత్తిడి చాలా తక్కువ. నిలబడ్డ బండిలో చక్రాలను చివరికంటా తిప్పినప్పుడు మాత్రం అది చదరపు అంగుళానికి 1000 పౌండ్లు దాటుతుంది. మన కారు టైర్లలో కొట్టించే గాలి 30, 35 దగ్గరే ఉంటుంది కాబట్టి ఆ పైపు మీద పడే బలం ఎంతో మీరే ఊహించవచ్చు. రోడ్డు మీద పొడిగా ఉన్న చోటు పార్కింగులో తిప్పగానే తడవడానికి, మీ సందులోనే శబ్దం ఎక్కువగా వినబడడానికి కారణం ఇదే. మట్టం బాగా దిగిపోతే పంపు ఆయిల్‌తోపాటు గాలిని కూడా లాగుతుంది, కుయ్యిమనే ఆ మూలుగు చాలావరకు ఆ గాలిదే. కీచుమని చెవులు గిల్లే శబ్దమైతే అది బెల్టు జారుతున్న గుర్తు. కారిన ఆయిల్ బెల్టు మీద పడిన బండ్లలో ఈ రెండూ కలిసి వినిపిస్తాయి.

ఇక చోటు పట్టుకునే పద్ధతి. కారిన ఆయిల్ పడిన చోట నిలవదు. పైపు వెంట, ఇనుప రేకు వెంట జారి, ఎక్కడో అడుగున చుక్కగా వేలాడుతుంది, నడుస్తున్న బండిలో గాలికి వెనక్కి కూడా చిమ్ముతుంది. అందువల్ల కింద తడిగా కనబడిన భాగాన్ని పట్టుకుని దానిదే తప్పనడం సరికాదు. మొదట ఇంజిన్ పూర్తిగా చల్లారాక డబ్బా, పంపు, పైపులు, ర్యాక్ మీద పేరుకున్న జిడ్డు, మట్టి అంతా శుభ్రంగా కడిగించి, గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. షెడ్డుల్లో దీనికి డీజిలో కిరసనాయిలో వాడతారు, వేడి సైలెన్సరు గొట్టం మీద అది పడితే మంట అంటుకునే ప్రమాదం ఉంది కాబట్టి చల్లారడం తప్పనిసరి. ఆల్టర్నేటరును ప్లాస్టిక్ సంచితో కప్పమనండి. ఆరిన తర్వాత అనుమానమున్న ప్రతి అతుకు మీదా ముఖానికి రాసుకునే మామూలు పౌడరు పలచగా చల్లి, డబ్బాను పై గీత వరకు నింపి, ఇంజిన్ నడుస్తుండగా ఒకరు లోపల కూర్చుని స్టీరింగును అటూ ఇటూ నెమ్మదిగా తిప్పుతుంటే, బెల్టుకు, ఫ్యానుకు దూరంగా నిలబడి మరొకరు టార్చి వేసి చూడాలి. తెల్లటి పౌడరు మీద మొదట ఎక్కడ నల్లటి తడి గీత పడుతుందో అదే చోటు. అప్పటికీ దొరక్కపోతే రాత్రి బండి కింద పెద్ద అట్టముక్క పరచి పొద్దున్నే మరక ఎక్కడ పడిందో చూడండి. ఏ పరిస్థితిలోనూ ప్రెషర్ పైపును చేత్తో తడిమి వెతకవద్దు. సన్నటి చీలికలోంచి ఆ ఒత్తిడితో చిమ్మే ఆయిల్ చర్మంలోకి దూసుకుపోగలదు, పైన సూది గుచ్చినంత గాయమే కనబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లవలసిన సంగతి అది.

ఇంత శ్రమ ఎందుకంటే, ఈ వయసు బండ్లలో తేలికైన చోట్లు చాలానే ఉంటాయి. డబ్బా నుంచి పంపుకు వచ్చే పైపు, తిరిగి డబ్బాకు వెళ్లే రిటర్న్ పైపు రెండూ తక్కువ ఒత్తిడివే. ఇంజిన్ వేడికి వాటి రబ్బరు ఎండి గట్టిపడి, స్ప్రింగు క్లిప్పు పట్టు వదిలేస్తుంది. చేత్తో వంచితే చివర పగుళ్లు కనిపిస్తాయి. చివర కొంచెం కోసి మళ్లీ ఎక్కించడానికి పొడవు చాలితే సరే, లేదంటే పైపు మార్చాలి. ఆయిల్‌కు తట్టుకునే రబ్బరు పైపే వేయించండి, రేడియేటరుకు వాడే నీళ్ల పైపు కొద్ది నెలల్లోనే ఉబ్బి మెత్తబడుతుంది. డబ్బాకు సన్నని చీలిక వచ్చినా, మూత దగ్గర పొంగినా మరక చూడటానికి పెద్ద లీకు లాగే ఉంటుంది.

ప్రెషర్ పైపు కారేది సాధారణంగా రబ్బరును ఇనుప గొట్టానికి నొక్కి బిగించిన అతుకు దగ్గర. దాన్ని కోసి, మధ్యలో మామూలు రబ్బరు ముక్క పెట్టి, స్క్రూ క్లిప్పులు బిగించే పని కొన్ని షెడ్డుల్లో చేస్తారు. అది ఎంతమాత్రం ఒప్పుకోవద్దు, ఎప్పుడో ఒక మలుపులో ఊడి, ఆయిల్ అంతా వేడి గొట్టం మీద చిమ్ముతుంది. కొత్త పైపు దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల హైడ్రాలిక్ పైపులు కట్టేవాళ్ల దగ్గరికి పాత పైపునే తీసుకెళ్లి, చివరి ఇనుప భాగాలు ఉంచుకుని, మధ్యలో ఆ ఒత్తిడికి తగిన రబ్బరు వేసి మెషీను మీద నొక్కించుకోవచ్చు. పంపు పుల్లీ వెనక తడి ఉంటే దాని షాఫ్టు సీలు, అంటే తిరిగే కడ్డీ చుట్టూ ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు వలయం, పోయినట్టు. అది కూడా సీలు కిట్టుతో చాలాసార్లు బాగవుతుంది.

ర్యాక్‌దే తప్పని అనడానికి ఒక పరీక్ష ఉంది. ర్యాక్ రెండు చివర్లా మడతలు మడతలుగా ఉండే రబ్బరు బూట్లు ఉంటాయి. వాటి చిన్న క్లిప్పు విప్పి బూటును వెనక్కి జరిపితే లోపల కొంచెం గ్రీజు తప్ప మరేమీ ఉండకూడదు. ఆయిల్ బొటబొటా కారితే లోపలి సీలు పోయినట్టే, మీ మొదటి మేస్త్రీ మాట నిజమన్నమాట. అప్పుడు కూడా వెంటనే కొత్త ర్యాక్ అనుకోనక్కర్లేదు. చక్రాన్ని ఒక పక్కకు తిప్పించి, బయటికి వచ్చిన నిగనిగలాడే ఉక్కు కడ్డీ మీద గోరు పెట్టి పొడవునా గీయమనండి. గోరు ఎక్కడా తట్టకపోతే సీలు కిట్టు వేసి ఓవరాలింగ్ చేయించడం న్యాయమైన ఖర్చు. బూటు ఎప్పుడో చిరిగి, వాన నీళ్లు, దుమ్ము చేరి, కడ్డీ మీద తుప్పు గుంటలు పడి ఉంటే మాత్రం ఆ గుంటలు కొత్త సీలును కూడా కోసేస్తాయి. అలాంటి ర్యాక్‌కు కిట్టు వేయించడం డబ్బు పారబోసుకోవడమే, నమ్మకమైన చోట రీకండిషన్ చేసిన ర్యాకో, దొరికితే కొత్తదో తీసుకోండి. ర్యాక్ దింపిన ప్రతిసారీ వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే ర్యాక్ దింపినంతసేపూ స్టీరింగ్ చక్రం తిరగకుండా లాక్ చేసి ఉంచమని చెప్పండి, ఊరికే తిరిగితే దాని వెనక చుట్టలా ఉండే వైరు తెగుతుంది.

సీసాలో అమ్మే లీకు మందు గురించి నా అభిప్రాయం ఇది. అందులో ఉండేవి ఎండి గట్టిపడిన రబ్బరు సీళ్లను కొంచెం మెత్తబరచి ఉబ్బించే రసాయనాలు. వయసుతో బిగిసిన సీలు దగ్గర చెమ్మలా ఊరే ఆయిల్‌ను అవి కొన్నాళ్లు ఆపగలవు. చిరిగిన సీలును, పగిలిన పైపును, వదులైన క్లిప్పును అవేమీ చేయలేవు. రెండు వారాలకే గీత దిగిపోతున్న మీ బండికి అది సరిపడదు. బండిని త్వరలో అమ్మేయాలనుకునేవారు దీన్ని వాడుకుంటారు, కొనబోయేవారు ఆ సంగతి గుర్తుంచుకుంటే మంచిది.

పోసుకుంటూ నడపడం మాటకొస్తే, ఆయిల్ పూర్తిగా పోయినా స్టీరింగ్ విడిపోదు, చక్రాలకు ఇనుప సంబంధం ఉంటూనే ఉంటుంది. కాని సాయం హఠాత్తుగా ఆగిపోయి స్టీరింగ్ రాయిలా బిగుస్తుంది, అది ఏ మలుపులోనో జరిగితే చెయ్యి చాలదు. మట్టం గీతల మధ్య ఉన్నంతవరకు రిపేరుకు తీసుకెళ్లేదాకా నడపవచ్చు. ఆయిల్ లేకుండా మాత్రం ఒక్క కిలోమీటరు కూడా వద్దు. పంపును తడిపేది ఆ ఆయిలే, అది లేక అరిగిన పంపు లోహపు రజనును ర్యాక్‌లోకి పంపి దాన్నీ పాడుచేస్తుంది. అలాగే చివరికంటా తిప్పి పట్టుకుని ఉండే అలవాటు మానండి, కొద్ది సెకన్లకు మించి అలా ఉంచితే ఆయిల్ బాగా వేడెక్కిపోతుంది. పోసే ఆయిల్ మీ కారు పుస్తకంలో చెప్పిన పి.ఎస్.ఎఫ్-3 రకమే కావాలి.

పని పూర్తయ్యాక గాలి తీయడం మరవనివ్వకండి. ముందు చక్రాలను జాకీల మీద నేలకు తగలకుండా ఎత్తి, ఇంజిన్ ఆపి ఉంచి, డబ్బా నింపుతూ స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివరికి నెమ్మదిగా చాలాసార్లు తిప్పాలి. బుడగలు రావడం తగ్గాక ఇంజిన్ వేసి మళ్లీ అదే పని చేయాలి. ఆయిల్ పాలు కలిపినట్టు తెల్లగా నురగ కడితే ఆపి, కొంతసేపు నిలవనిచ్చి మళ్లీ మొదలుపెట్టాలి.

ఖర్చు సంగతి: ప్రైవేటు కారుకు 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్‌ను 5 ఏళ్లకోసారి పొడిగించుకోవాలి, దానికి బండి పరీక్షలో నెగ్గాలి. ఇంజిన్, బాడీ బాగుండి మరో పొడిగింపు దాకా ఉంచుకునే ఉద్దేశం ఉంటే ర్యాక్ దాకా వెళ్లినా నష్టం లేదు. బాడీ అడుగున తుప్పు తినేసి ఉంటే పైపులూ క్లిప్పులతో ఆగండి.

ప్రశ్న: మా 2013 స్విఫ్ట్ స్టీరింగ్ ఈమధ్య బరువుగా ఉంటోంది. బానెట్ కింద ఎంత వెతికినా స్టీరింగ్ ఆయిల్ డబ్బా కనబడలేదు. బండి కింద మాత్రం తడి కనిపిస్తోంది. (ఒక పాఠకురాలు, నిజామాబాద్)

జవాబు: కనబడదు, ఎందుకంటే లేదు. మీ కారులో స్టీరింగుకు సాయం చేసేది విద్యుత్ మోటారు. ఎవరైనా స్టీరింగ్ ఆయిల్ మార్చామని బిల్లు వేస్తే చెల్లించకండి. ముందు టైర్లలో గాలి చూడండి, తర్వాత బ్యాటరీ, దాని టెర్మినళ్లు, స్టీరింగ్ ఫ్యూజు చూపించండి. డాష్‌బోర్డులో స్టీరింగ్ గుర్తు దీపం వెలుగుతూ ఉంటే స్కానరు పెట్టి చూసేవాళ్ల దగ్గరికి వెళ్లాలి. కింద తడి రంగులేని నీళ్లయితే ఏసీది, బెంగ లేదు. రంగుగా, వేలికి జారుడుగా, కొంచెం తియ్యటి వాసనతో ఉంటే అది ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ కావచ్చు, దాన్ని ఆలస్యం చేయవద్దు.

ప్రశ్న: నేను అమెరికాలో డాలస్ దగ్గర చదువుకుంటున్నాను. సీనియర్ దగ్గర 2005 హోండా అకార్డ్ కొన్నాను. చలి పొద్దున స్టార్ట్ చేయగానే స్టీరింగ్ తిప్పితే గట్టిగా మూలుగుతోంది, డబ్బాలో నురగ కనిపిస్తోంది. కాని కింద ఒక్క చుక్క కూడా పడడం లేదు, మట్టం కూడా తగ్గడం లేదు. పంపు మార్చాలని ఇక్కడి గ్యారేజీ వాళ్లు చెప్పిన ధర బండి ధరలో పెద్ద భాగమే. (ఒక విద్యార్థి, టెక్సస్)

జవాబు: పంపుకు డబ్బు కట్టేముందు ఒక చిన్న ఓ-రింగు (అతుకుల్లో బిగించే రబ్బరు వలయం) మార్చి చూడండి. ఆయిల్ బయటికి రాకుండా గాలి లోపలికి పోయే లీకు కూడా ఉంటుంది. డబ్బా నుంచి పంపుకు ఆయిల్ వచ్చే పైపులో ఒత్తిడి ఉండదు, పంపు లాగే బలమే ఉంటుంది. ఆ పైపు పంపుకు చేరే అతుకులోని ఓ-రింగు ఏళ్లు గడిచి గట్టిపడితే ఆయిల్ కారదు కాని, పంపు లాగినప్పుడల్లా సన్నగా గాలి చొరబడుతుంది. మీరు చెప్పిన నురగ, చలిలో మూలుగు, తగ్గని మట్టం మూడూ దానికే సరిపోతాయి. ఆ కాలపు హోండా కార్లలో ఇది బాగా తెలిసిన జబ్బు.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డబ్బాలోని ఆయిల్‌ను సిరంజితో తోడేసి, పంపు మీద ఆ అతుకును పట్టి ఉంచే చిన్న బోల్టులు విప్పితే ఓ-రింగు బయటపడుతుంది. పాతదాన్ని వేళ్ల మధ్య నొక్కి చూడండి. కొత్తది మెత్తగా గుండ్రంగా ఉంటుంది, పాతది చదునుగా అణిగిపోయి ప్లాస్టిక్‌లా బిగిసి ఉంటుంది. కొత్తదానికి కొంచెం స్టీరింగ్ ఆయిల్ రాసి కూర్చోబెట్టండి. మీ బండికి సరిపోయే అసలు భాగమే కొనండి, కొలతలో కొద్ది తేడా ఉన్నా మళ్లీ గాలి లాగుతుంది.

ఇంకొక జాగ్రత్త. హోండా తన బండ్లకు సొంత స్టీరింగ్ ఆయిల్ మాత్రమే పోయమంటుంది. అన్ని కార్లకూ పనికొస్తుందని రాసి ఉన్న సీసాను గాని, గేర్‌బాక్సులకు వాడే ఎర్రటి ఏటీఎఫ్‌ను గాని పోయవద్దు. మీ సీనియర్ ఏం పోశారో అడగండి. డబ్బాలో ఎర్రగా కనబడితే తోడి, కొత్తది నింపి, కొంచెం నడిపి, మళ్లీ తోడుతూ ఆ రంగు పోయేవరకు మార్చండి. తోడిన ఆయిల్‌ను మురుగు కాలువలో పోయకుండా, పాత ఆయిల్ తీసుకునే విడిభాగాల దుకాణంలో అడిగి ఇచ్చేయండి.

ప్రశ్న: మా బొలెరో స్టీరింగ్ డబ్బాలో ఆయిల్ తగ్గిందని డ్రైవరు పొరపాటున బ్రేక్ ఆయిల్ పోశాడు. పావు లీటరు దాకా పోసి ఉంటాడు. తెలియక ఆ పూటంతా బండి తిప్పాం. ఇప్పుడు షెడ్డు ముందు ఆపి ఉంచాం. దాన్ని అలాగే నడిపి, తర్వాత సరైన ఆయిల్ పోస్తే సరిపోదా? (ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా)

జవాబు: సరిపోదు. ఆపి ఉంచడం మంచి పనే, ఇక ఇంజిన్ వేయవద్దు. స్టీరింగ్ ఆయిల్ ఖనిజ నూనె జాతిది, దాని సీళ్లు ఆ నూనెకు తట్టుకునే రబ్బరుతో చేసినవి. బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ జాతిది, ఆ రబ్బరులోకి ఊరి దాన్ని ఉబ్బించి మెత్తబరుస్తుంది. పైగా పంపుకు కావలసిన జారుడు దానిలో లేదు. పోసిన వెంటనే, ఇంజిన్ వేయకముందే గుర్తించి ఉంటే డబ్బా విప్పి కడిగేస్తే తీరిపోయేది. ఒక పూట తిరిగింది కాబట్టి అది ఇప్పుడు పంపులో, స్టీరింగ్ బాక్సులో (ర్యాక్ చేసే పనే చేసే భాగం) అంతటా ఉంది.

చేయవలసింది ఇది. డబ్బాను పూర్తిగా తోడేసి, రిటర్న్ పైపును డబ్బా దగ్గర విప్పి ఒక సీసాలోకి పెట్టి, డబ్బాకున్న ఆ రంధ్రాన్ని మూసి, ముందు చక్రాలు ఎత్తి, కారు పుస్తకంలో చెప్పిన కొత్త ఆయిల్ పోస్తూ స్టీరింగును చేత్తో ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పించాలి. సీసాలోకి వచ్చే ఆయిల్ కొత్తదానిలా తేటగా వచ్చేవరకు ఇది సాగాలి. దానికి రెండు మూడు లీటర్లయినా పట్టవచ్చు, అక్కడ పొదుపు చేయకండి. ఆ తర్వాత కొన్ని వారాలు పంపు, ప్రెషర్ పైపు, స్టీరింగ్ బాక్సు దగ్గర తడి వస్తోందేమో గమనించండి. వస్తే ఆ సీళ్లు మార్చక తప్పదు. ముందే అన్నీ మార్చాలని షెడ్డులో అంటే నేనైతే ఇంత కొద్ది వాడకానికి ఒప్పుకోను, కడిగించి చూస్తాను.

దీనికి తిరగబడ్డ పొరపాటు, అంటే బ్రేక్ డబ్బాలో స్టీరింగ్ ఆయిల్ పడటం, ఇంతకంటే చాలా ప్రమాదం. బ్రేక్ సిలిండర్లలోని రబ్బరు ఖనిజ నూనెకు ఉబ్బిపోతుంది, బ్రేకులు పట్టేసుకుని వదలకపోవచ్చు, అసలు పడకనూ పోవచ్చు. అది జరిగిన బండిని పక్క వీధిలోని షెడ్డు దాకా కూడా నడపకుండా, ట్రాలీ మీద ఎక్కించి తీసుకెళ్లాలి. అక్కడ మాస్టర్ సిలిండరుతో మొదలుపెట్టి ఆ ఆయిల్ తగిలిన రబ్బరు భాగాలన్నీ మార్పించాలి. మీ డ్రైవరుకు బ్రేక్ డబ్బా మూత మీద బ్రేక్ ఆయిల్ రకం తెలిపేలా డాట్ 3 అనో డాట్ 4 అనో ఉండే రాతను వేలు పెట్టి చూపించండి. షెల్ఫులో పాత సీసాల్లోకి ఒంపి పెట్టిన ఆయిల్స్ ఏవైనా ఉంటే, ఏది ఏదో తెలియనివన్నీ తీసేయించండి.